నాలుగు గంటల్లో ఒక్కో బిడ్డకు ఎన్ని నిమిషాలు?

మూడేళ్లు నిండగానే పిల్లలను అంగన్‌వాడీకో నర్సరీకో పంపడం ఇప్పుడు పల్లెల్లోనూ మామూలే. గ్రామీణ భారతంలో ఇలా ఏదో ఒక చోట పేరున్న మూడేళ్ల పిల్లలు 2018లో 68.1 శాతం. 2024 నాటికి వాళ్లు 77.4 శాతానికి చేరారని గ్రామీణ విద్య స్థితిని పరిశీలించే అసర్ సర్వే తేల్చింది. నాలుగేళ్ల వాళ్లలో ఇది 83.3 శాతం. అంటే పిల్లలను గడప దాటించే పని చాలావరకు అయిపోయింది. లోపలికి వెళ్లాక వాళ్లకు ఏం దొరుకుతోందన్నదే ఇప్పుడు తేలాల్సిన సంగతి.

దానికి జవాబు కోసం తల్లిదండ్రులు నోటుబుక్కు తిరగేస్తారు. అధికారులు హాజరు పట్టీ చూస్తారు. పరిశోధనలు మాత్రం వేరే లెక్క చూడమంటున్నాయి. ఒక పెద్ద మనిషి ఆ బిడ్డను పట్టించుకుని మాట్లాడిన, ఆడించిన, విన్న నిమిషాలు రోజుకు ఎన్ని? ఆ నిమిషాల్లో ఏం జరిగింది? చదువు నిలబడేదీ, జారిపోయేదీ ఈ రెండింటి దగ్గరే.

85 శాతం: అందరూ చెప్పే అంకె

మెదడు వికాసంలో 85 శాతానికి పైగా ఆరేళ్లలోపే జరిగిపోతుందని 2020 జాతీయ విద్యావిధానం రాసింది. ప్రైవేటు బడుల కరపత్రాల్లో, అధికారుల ప్రసంగాల్లో ఈ అంకె తరచూ వినిపిస్తుంది. అది విన్న తల్లిదండ్రులకు ఒకటే కంగారు: ఆరేళ్లలోపే అన్నీ నేర్పేయాలేమో!

ఆ విధానం చెప్పింది అది కాదు. మూడు నుంచి ఎనిమిదేళ్ల దాకా ఐదేళ్లను కలిపి ఒకే పునాది దశగా అది లెక్కగట్టింది. మూడేళ్లు అంగన్‌వాడీ లేదా ప్రీస్కూల్, తర్వాత ఒకటి, రెండు తరగతులు. చదవడం, రాయడం, లెక్కలు ఈ ఐదేళ్లలో నిదానంగా కుదురుకోవాలన్నది దాని ఉద్దేశం. 2022 అక్టోబరులో వచ్చిన పునాది దశ పాఠ్యప్రణాళిక చట్రం కూడా ఆటకు, మాటకు, కథకు, చేతిపనికే పెద్దపీట వేసింది. మెదడు వేగంగా ఎదిగే వయసు కాబట్టి ఆ వయసుకు తగిన పనులు పుష్కలంగా ఉండాలన్నది 85 శాతానికి అర్థం. ఒకటో తరగతి పుస్తకాన్ని ఎల్‌కేజీకి దించమని ఆ అంకె ఎక్కడా చెప్పలేదు.

240 నిమిషాలు, 20 మంది, ఒక టీచర్

అంగన్‌వాడీలను నడిపే సమగ్ర శిశు అభివృద్ధి పథకం (ఐసీడీఎస్) 1975 అక్టోబరు 2న 33 బ్లాకుల్లో మొదలైంది. ఇప్పుడు దేశమంతటా అంగన్‌వాడీ కేంద్రాలు దాదాపు 14 లక్షలు. ఆంధ్రప్రదేశ్‌లో 55 వేలకు పైగా, తెలంగాణలో 35 వేలకు పైగా ఉన్నాయి. ఇన్ని చోట్లా మూడేళ్ల పిల్లల మొదటి పంతులమ్మ అంగన్‌వాడీ టీచరే.

2013లో కేంద్రం ఆమోదించిన శిశు సంరక్షణ, విద్యా విధానం ప్రకారం మూడు నుంచి ఆరేళ్ల పిల్లలు 20 మందికి చూసుకునే పెద్దవారు ఒకరు ఉండాలి, రోజుకు మూడు నుంచి నాలుగు గంటల కార్యక్రమం నడవాలి. నాలుగు గంటలనుకుంటే 240 నిమిషాలు. అందులో భోజనం, పాలు, చేతులు కడగడం, నిద్ర, ఏడుపులు ఊరుకోబెట్టడం అన్నీ ఉంటాయి. 2023 మేలో మొదలైన ‘పోషణ్ భీ పఢాయీ భీ’ కార్యక్రమం పెట్టుకున్న లక్ష్యం రోజుకు కనీసం రెండు గంటల నాణ్యమైన ప్రీస్కూల్ విద్య. అంటే 120 నిమిషాలు.

ఒక లెక్క వేద్దాం. ఆ 120 నిమిషాలూ ఒక్కొక్కరినీ దగ్గర కూర్చోబెట్టుకుంటే 20 మందిలో ఒక్కో బిడ్డకు దక్కేది 6 నిమిషాలు. అందరినీ వరుసగా కూర్చోబెట్టి ఒకేసారి వల్లె వేయిస్తే కాగితం మీద అందరికీ 120 నిమిషాలూ దక్కినట్టే. కానీ ఒక బిడ్డ సొంతంగా నోరు తెరిచి ఒక వాక్యం చెప్పే వీలు కొన్ని సెకన్లే.

మూడో దారి ఒకటుంది. ఐదుగురేసి చొప్పున నాలుగు జట్లు చేసి, ఒక జట్టు దగ్గర టీచర్ కూర్చుంటారు. మిగతా మూడు జట్లు మట్టి బొమ్మల దగ్గర, చెక్క దిమ్మెల దగ్గర, బొమ్మల పుస్తకాల దగ్గర తమంతట తాము పనిలో ఉంటాయి. కేంద్రంలో సహాయకురాలిగా ఉండే ఆయా ఆ జట్లపై ఓ కన్నేసి ఉంచుతారు. 30 నిమిషాలకోసారి జట్లు మారితే ప్రతి బిడ్డకూ ఐదుగురి గుంపులో టీచర్‌తో 30 నిమిషాలు దొరుకుతాయి. గది అదే, మనుషులు వాళ్లే, సమయమూ అంతే. అమరిక మారితే బిడ్డ వంతు 6 నుంచి 30 అవుతోంది. మంచి ప్రీస్కూళ్లలో గదిని మూలలుగా విడగొట్టడానికి అసలు కారణం ఇదే. రంగురంగుల అలంకారం తర్వాతి సంగతి.

అయితే ఈ లెక్కలో టీచర్‌కు 120 నిమిషాలూ చేతిలో ఉన్నాయని ముందే అనేసుకున్నాం. ఐసీడీఎస్ సేవలు మొత్తం ఆరు: అదనపు పోషకాహారం, ప్రీస్కూల్ విద్య, ఆరోగ్య పోషణ పాఠాలు, టీకాలు, ఆరోగ్య తనిఖీలు, అవసరమైతే ఆసుపత్రికి పంపడం. చదువు ఆరింటిలో ఒకటి. మిగిలిన ఐదింటికీ రిజిస్టర్లు, బరువు తూకాలు, గర్భిణుల ఇళ్లకు వెళ్లడం, పోషణ్ ట్రాకర్ యాప్‌లో ఎంట్రీలు ఉంటాయి. గుడ్లు ఎన్ని ఖర్చయ్యాయో రాయకపోతే ఆ రోజే అడుగుతారు. పిల్లలతో ఎంతసేపు మాట్లాడారో అడిగేవారు అరుదు. అందుకే పని ఎక్కువైన రోజున ముందుగా కోతపడేది చదువుకే.

0.29, 0.46: ఒక మనిషిని అదనంగా పెడితే

ఇది నిజంగా నిమిషాల సమస్యేనా అన్నది తమిళనాడులో పరీక్షించి చూశారు. అలెహాండ్రో గనిమియన్, కార్తీక్ మురళీధరన్, క్రిస్టఫర్ వాల్టర్స్ అనే ఆర్థికవేత్తలు 640 అంగన్‌వాడీలను తీసుకున్నారు. లాటరీ పద్ధతిలో కొన్నింటిని ఎంచి, అక్కడ ప్రీస్కూల్ విద్య కోసం పూటపని చేసే మరొకరిని అదనంగా పెట్టారు. మిగిలిన వాటిని యథాతథంగా ఉంచారు.

అదనపు మనిషి వచ్చిన కేంద్రాల్లో చదువుకు దక్కే సమయం రెట్టింపైంది. 18 నెలల తర్వాత, కేంద్రంలో కొనసాగిన పిల్లల మార్కులు లెక్కల్లో 0.29, భాషలో 0.46 ప్రామాణిక విచలనాల మేర పెరిగాయి. ఈ కొలతను మామూలు మాటల్లో చెప్పుకోవాలంటే, వంద మంది పిల్లలను మార్కుల ప్రకారం కింది నుంచి పైకి నిలబెట్టండి. సరిగ్గా మధ్యలో, యాభయ్యో స్థానంలో ఉన్న బిడ్డ లెక్కల్లో దాదాపు 61వ స్థానానికి, భాషలో దాదాపు 68వ స్థానానికి ఎక్కినట్టు.

ఇంకో ఫలితం కూడా తేలింది. పాత టీచర్‌కు చదువు భారం కొంత తగ్గడంతో పోషణ, ఆరోగ్య పనులకు తీరిక చిక్కింది. ఆ కేంద్రాల్లో వయసుకు తగ్గ ఎత్తు లేని పిల్లలు, తీవ్ర పోషకాహార లోపమున్న పిల్లలు తగ్గారు. అదనంగా వచ్చినవారు పెద్ద డిగ్రీలున్న నిపుణులు కారు, స్థానికులే. కొత్త భవనం కట్టలేదు, తెరలు బిగించలేదు. పెరిగినవి నిమిషాలు మాత్రమే.

58 మంది, 2,990 మంది: నిమిషాలు ఒక్కటే చాలవు

అలాగని నిమిషాలు పెంచేస్తే చాలు, మిగతాదంతా దానంతట అదే జరిగిపోతుందనుకోవడం పొరపాటు. అమెరికాలో జరిగిన రెండు అధ్యయనాలను పక్కపక్కన పెట్టి చూస్తే ఇది తేటపడుతుంది.

మొదటిది మిషిగన్ రాష్ట్రం ఇప్సిలాంటిలోని పెరీ ప్రీస్కూల్. 1962 నుంచి 1967 దాకా అక్కడ 123 మంది పేద నల్లజాతి పిల్లలను అధ్యయనంలో చేర్చుకున్నారు. 58 మందికి ప్రీస్కూల్ దక్కింది, 65 మందికి దక్కలేదు. ఐదారుగురు పిల్లలకు ఒక టీచర్. రోజుకు రెండున్నర గంటల బడి. వారానికోసారి టీచర్ ఇంటికి వెళ్లి తల్లితో, బిడ్డతో గంటన్నర గడిపేవారు. ఏం చేయాలో పిల్లలే అనుకుని, చేసి, చేసినదాని గురించి మాట్లాడటం అక్కడి పద్ధతి.

ఈ పిల్లల తెలివితేటల పరీక్షల్లో కనిపించిన ఆధిక్యం బడికెళ్లిన కొన్నేళ్లకే చెరిగిపోయింది. పథకం విఫలమైందని అప్పట్లో అన్నవాళ్లూ ఉన్నారు. కానీ వాళ్లను నలభయ్యేళ్ల వయసు దాకా వెంట ఉండి గమనిస్తే వేరే బొమ్మ తేలింది. ప్రీస్కూల్‌కు వెళ్లినవారిలో హైస్కూల్ పూర్తిచేసింది 77 శాతం, వెళ్లనివారిలో 60. ఏడాదికి 20 వేల డాలర్లకు పైగా సంపాదిస్తున్నవారు అటు 60 శాతం, ఇటు 40. ఐదు లేదా అంతకన్నా ఎక్కువ సార్లు అరెస్టయినవారు అటు 36 శాతం, ఇటు 55. పరీక్ష మార్కుల్లో మాయమైనది జీవితంలో కనిపించింది. ఓపిక, పట్టుదల, నలుగురిలో మెలగడం లాంటివి ఆ వయసులోనే కుదురుకోవడం దీనికి కారణం కావచ్చని ఆర్థికవేత్త జేమ్స్ హెక్‌మన్ బృందం విశ్లేషణ.

రెండోది టెనెసీ రాష్ట్ర ప్రభుత్వ ప్రీ-కిండర్‌గార్టెన్. పేద కుటుంబాల పిల్లలు 2,990 మందిని లాటరీ పద్ధతిలోనే పోల్చి చూశారు. చేరిన ఏడాది చివర ప్రీస్కూల్ పిల్లలే ముందున్నారు. మూడో తరగతికి ఆ తేడా పోయింది. 2022లో వెలువడిన ఫలితాల ప్రకారం ఆరో తరగతి వచ్చేసరికి ప్రీస్కూల్‌కు వెళ్లినవాళ్లే చదువులో, నడవడికలో వెనకబడ్డారు. దీనికి కచ్చితమైన కారణం ఇంకా చర్చలోనే ఉంది. గదిలో అందరినీ ఒకేసారి కూర్చోబెట్టి చెప్పడం ఎక్కువై, పిల్లలు చెప్పేది వినడం తక్కువైందని పరిశోధకుల్లో ఒకరైన డేల్ ఫారన్ గట్టిగా అంటున్నారు. చిన్న పిల్లల గదిని పెద్ద పిల్లల తరగతిలా నడిపితే మంచి జరగకపోగా చెడే జరిగే వీలుందని ఈ అంకెలు హెచ్చరిస్తున్నాయి.

నాలుగు గింజలు ఇవ్వమ్మా

పెద్ద అధ్యయనాల నుంచి ఇప్పుడు గదిలోకి వద్దాం. ఒకటి నుంచి ఇరవై దాకా తడుముకోకుండా అప్పజెప్పే మూడేళ్ల పాప ముందు పది చింతగింజలు పోయండి. ‘నాలుగు ఇవ్వమ్మా’ అని అడగండి. చాలామంది పిల్లలు చేతికందిన గుప్పెడు తీసిస్తారు. అంకెలు వరుసగా చెప్పడం వేరు, చివర చెప్పిన అంకె మొత్తం ఎన్నో చెబుతుందని తెలియడం వేరు. మనస్తత్వవేత్త కేరెన్ విన్ 1990లో ప్రచురించిన పరిశోధన ఈ తేడాను స్పష్టంగా చూపింది. పిల్లలకు ముందు ‘ఒకటి’ అర్థమవుతుంది. కొన్ని నెలలకు ‘రెండు’, మరికొన్ని నెలలకు ‘మూడు’. లెక్కపెట్టడంలోని కిటుకు మొత్తంగా అందేది సాధారణంగా మూడున్నర, నాలుగేళ్ల ప్రాంతంలో.

ఈ వయసు అందరికీ ఒకటిగా ఉండదు. షికాగో ప్రాంతంలో 44 కుటుంబాల ఇళ్లకు ఐదేసి సార్లు వెళ్లి, ప్రతిసారీ గంటన్నర మాటలు రికార్డు చేశారు. ఆ ఏడున్నర గంటల్లో అంకెల మాటలు ఒక ఇంట్లో 4 సార్లు వినిపిస్తే మరో ఇంట్లో 257 సార్లు వినిపించాయి. ఎక్కువగా విన్న పిల్లలే తర్వాత ‘నాలుగు ఇవ్వు’ లాంటి పరీక్షలో మెరుగ్గా నిలిచారు.

అంగన్‌వాడీలో దీనికి ఖర్చేమీ అక్కర్లేదు. ‘ఎంతమంది వచ్చారో లెక్కపెట్టు, అన్ని పళ్లాలు తీసుకురా. కొన్ని తక్కువయ్యాయి, ఇంకెన్ని కావాలి?’ అంటే అది లెక్కల పాఠమే. వడ్డించేటప్పుడు గడిచే పావుగంట చదువు సమయంలోకి చేరిపోతుంది. ఒకటి నుంచి వంద దాకా ఎక్కాల పుస్తకంలో దిద్దించడం కంటే ఇది బిడ్డకు దగ్గరి లెక్క.

గుండ్రం మూడేళ్లకు, త్రిభుజం ఐదేళ్లకు

చూసి గీయడంలో పిల్లల ఎదుగుదలకు వైద్యులు వాడే కొలత ఒకటుంది. గుండ్రం దాదాపు మూడేళ్లకు, కూడిక గుర్తు నాలుగేళ్లకు, చతురస్రం నాలుగున్నర ప్రాంతంలో, త్రిభుజం ఐదేళ్లకు. మణికట్టులో ఎనిమిది చిన్న ఎముకలుంటాయి. పుట్టినప్పుడు అవన్నీ మృదులాస్థే. ఒకటొకటిగా గట్టిపడుతూ, చివరిది ఎనిమిదేళ్లు దాటాక గానీ గట్టిపడటం మొదలుపెట్టదు. త్రిభుజమే గీయలేని చేత్తో మూడేళ్ల బిడ్డ మెలికలు, సుడులున్న ‘ఆ’ను పేజీ నిండా రాయాలని మనం ఆశపడుతున్నాం. నర్సరీ హోంవర్క్‌లో అమ్మ చేయి పట్టి రాయించేది అందుకే.

లిపి సంగతి చూద్దాం. సంప్రదాయ వర్ణమాలలో అక్షరాలు 56. హల్లులకు గుణింతాలన్నీ రాస్తే ఐదు వందలు దాటుతాయి. ఒత్తులు వాటికి అదనం. 26 అక్షరాల ఇంగ్లిష్‌కు పెట్టుకున్న గడువులు దీనికి సరిపోవు. తెలుగుకు చాలా దగ్గరైన కన్నడ లిపిపై సోనాలి నాగ్ చేసిన పరిశోధనల్లో అక్షరాలపై పూర్తి పట్టు చిక్కడం మూడు, నాలుగు తరగతుల దాకా సాగుతుందని తేలింది. అది పిల్లల మందకొడితనం కాదు, లిపి విస్తృతి.

అందుకే ప్రీస్కూల్‌లో రాతకు ముందు జరగాల్సినవి రెండు. చేతికి బలం: పిండి పిసకడం, పూసలు గుచ్చడం, కాగితం చింపడం, ఇసుకలో వేలితో గీయడం. చెవికి పదును: ‘కాకి’, ‘కాలు’, ‘కారు’ ఒకే శబ్దంతో మొదలవుతున్నాయని పట్టుకోవడం, ప్రాసపాటలు పాడటం, పదాన్ని చప్పట్లతో ముక్కలు చేయడం. ఇవి కుదిరాక అక్షరం రావడానికి ఎక్కువ కాలం పట్టదు.

ఒకే కథ, రెండు రకాల చదువు

1988లో గ్రోవర్ వైట్‌హర్స్ట్ బృందం రెండేళ్ల ప్రాయపు పిల్లల తల్లిదండ్రులతో ఒక ప్రయోగం చేసింది. రెండు జట్ల వాళ్లూ పిల్లలకు బొమ్మల పుస్తకాలు చదివి వినిపించారు. ఒక జట్టుకు మాత్రం మధ్యలో ఆగి అడగడం, పిల్లల మాటను పొడిగించి తిరిగి చెప్పడం నేర్పారు. నెల రోజుల్లో ఆ జట్టు పిల్లలు మాట్లాడే పరీక్షల్లో ఒకదాంట్లో 6 నెలలు, మరోదాంట్లో 8 నెలలకు పైగా ముందుకెళ్లారు.

తేడా చిన్నదే. ‘ఇదేంటి? కుందేలు. అనండి, కుందేలు’ అంటే పిల్లలు ఆ మాటను తిరిగి అంటారు, అక్కడితో సరి. ‘కుందేలు ఎందుకు నిద్రపోయింది? నువ్వైతే ఏం చేసేదానివి?’ అని అడిగి, నాలుగైదు సెకన్లు ఆగితే బిడ్డ వాక్యం కడుతుంది. ‘నిద్ర వచ్చింది’ అని పాప అంటే ‘అవును, పరుగెత్తి అలసిపోయి చెట్టు కింద నిద్రపోయింది’ అని టీచర్ పొడిగిస్తారు. అక్కడ కొత్త మాటలు మూడు దక్కాయి.

ఈ మాటలు బిడ్డకు తెలిసిన భాషలో ఉండాలి. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2004లోనే గోండి, కోయ, సవర, కువి సహా ఎనిమిది గిరిజన భాషల్లో ప్రాథమిక విద్యా ప్రయోగం మొదలైంది. ఇంట్లో కోయ మాట్లాడే బిడ్డకు తెలుగే రెండో భాష, ఇంగ్లిష్ మూడోది. ఆ బిడ్డకు మొదటి రోజు నుంచే ఇంగ్లిష్ రైమ్స్ వల్లె వేయిస్తే పాట వస్తుంది గానీ, మాట రాదు.

41.7 శాతం: ఒకే తరగతి, ఐదు వయసులు

2019లో అసర్ 26 జిల్లాల్లో దాదాపు 37 వేల మంది చిన్నారులను పరిశీలించింది. ఒకటో తరగతి పిల్లల్లో సరిగ్గా ఆరేళ్లున్నవారు 41.7 శాతమే. 21.9 శాతం మంది నాలుగైదేళ్ల వాళ్లు, 36.4 శాతం ఏడెనిమిదేళ్ల వాళ్లు. ఒకటో తరగతిలో ఐదేళ్లు, అంతకు లోపు వయసు పిల్లల వాటా గ్రామీణ ప్రాంతాల్లో 2018లో 25.6 శాతం ఉండగా 2024కు 16.7కు తగ్గింది. మంచి మార్పే. అయినా ఆరుగురిలో ఒకరు వయసుకు ముందే ఆ బల్ల మీద కూర్చున్నారు.

గ్రామీణ అస్సాం, రాజస్థాన్, తెలంగాణల్లో సుమారు 14 వేల మంది పిల్లలను నాలుగో ఏట నుంచి ఎనిమిదో ఏట దాకా అనుసరించిన అధ్యయనం 2017లో వెలువడింది. అంబేద్కర్ విశ్వవిద్యాలయం, అసర్ సెంటర్, యునిసెఫ్ కలిసి చేశాయి. విధానం గీసిన సరళరేఖలో పిల్లలు నడవడం లేదని అది చూపింది. అంగన్‌వాడీ నుంచి బడికి, బడి నుంచి మళ్లీ ప్రీస్కూల్‌కు వెళ్తూ వస్తూ ఉంటారు. ఐదేళ్లకు బడికి సిద్ధంగా ఉండాల్సిన స్థాయి కంటే వాళ్లు బాగా వెనకే ఉన్నారు, ప్రైవేటులోనూ ప్రభుత్వంలోనూ. వయసుకు తగిన ఆటలు, పనులు ఉన్నచోట మాత్రం సంసిద్ధత మెరుగ్గా కనిపించింది.

చేర్పించే ముందు అరగంట కూర్చోండి

అంగన్‌వాడీ అయినా, వేల రూపాయల ఫీజున్న ప్లేస్కూల్ అయినా చూడాల్సినవి ఇవే.

1. ఒకసారికి ఎంతమంది పిల్లలతో టీచర్ మాట్లాడుతున్నారు? అందరితో కలిపేనా, జట్లుగా కూడానా?
2. గదిలో ఎక్కువగా వినిపిస్తున్న గొంతు ఎవరిది?
3. టీచర్ అడిగే ప్రశ్నల్లో ఒక్క మాటతో సరిపోనివి ఎన్ని?
4. ఆటవస్తువులు పిల్లల చేతికందేలా ఉన్నాయా, బీరువాలో తాళం వేసి ఉన్నాయా?
5. మూడేళ్ల బిడ్డకు రాత హోంవర్క్ ఉందా? ఉంటే ఎందుకని అడగండి.

ప్రభుత్వాలు చూసుకోవాల్సిన లెక్క ఇంకొకటి ఉంది. అదనపు మనిషికి పెట్టిన ఖర్చుతో పోలిస్తే, ఆ పిల్లల రాబడి జీవితకాలంలో ఎంత పెరుగుతుందో తమిళనాడు అధ్యయనం అంచనా వేసింది. ఖర్చుకు 13 నుంచి 21 రెట్లు. ఆంధ్ర, తెలంగాణల్లో 90 వేలకు పైగా కేంద్రాలున్నాయి. వాటికి కొత్త యాప్‌లు, కొత్త రిజిస్టర్లు తెచ్చే ముందు, ఉన్న టీచర్ చేతిలోంచి ఎన్ని నిమిషాలు తీసుకుంటున్నామో లెక్క చూడాలి. పూటపని చేసే రెండో టీచర్‌కు బడ్జెట్‌లో చోటిస్తే అది సంక్షేమ ఖర్చు పద్దులో కాక, పెట్టుబడి పద్దులో రాయాల్సిన మొత్తం.